రెండుకీ మూడుకీ మధ్య

గురువారం పొద్దున ఏడున్నర పడవకి
చిలోయే నుంచి లెమూయ్ దీవికి వెళ్తాను.
గొడుగు పట్టుకెళ్లను.
అక్కడి వాన కిందికి పడదు, పక్కకి పడుతుంది.

బడిలో నాకిచ్చిన గది ఒకప్పుడు పటాలు దాచిన కొట్టు.
గోడకింకా చిరిగిన దక్షిణ అమెరికా వేలాడుతోంది,
మా దీవులుండాల్సిన చోట ఎలుక కొరికింది.
రెండు కుర్చీలు, ఒక కట్టెల పొయ్యి.
తలుపు మీద నా పేరు, ఎదెల్మీరా బార్రియా.
దాని కింద ఎవరో పెన్సిలుతో, పిచ్చోళ్ల డాక్టరు అని.
చెరపలేదు. స్పెల్లింగు తప్పు కూడా దిద్దలేదు.

అలీరోకి పదహారేళ్లు.
వాళ్లమ్మ రాత్రి షిఫ్టులో సాల్మన్ చేపలు కోస్తుంది.
క్లాసులో నిద్రపోతాడని రాసి పంపింది టీచరు.
అర్ధరాత్రి రేవు చివర నిలబడ్డ సంగతి
ఎవరూ రాయలేదు,
పడవకి తాడు కట్టే మనిషి నా చెవిన వేశాడు.

మొదటి గురువారం మాట్లాడలేదు.
రెండో గురువారం కమలాపండు ఒలిచి
తొనల మీది తెల్లటి ఈనెలన్నీ తీసి
తినకుండా పొయ్యి గట్టున వరసగా పెట్టాడు.
మూడోసారి ఫారం ఇచ్చాను. ఇవ్వాలి, ఉద్యోగం.
గత రెండు వారాల్లో దేని మీదా మనసు నిలవకపోవడం:
సున్నా, అసలు లేదు. ఒకటి, కొన్ని రోజులు.
రెండు, సగానికి పైగా. మూడు, దాదాపు రోజూ.
చాలాసేపు చూసి అడిగాడు:
"రెండుకీ మూడుకీ మధ్య ఏం లేదా?"

అదే వాడి మొదటి మాట.
పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని,
"ఏదో ఒకటి పెట్టు నాయనా" అన్నాను.
పెన్సిలు బల్ల మీద ఉంచి,
చప్పుడు కాకుండా తలుపేసి వెళ్లిపోయాడు.
ధడాలున వేసినా బాగుండేది.
తిరుగు పడవలో కడుపులో దేవితే
నేరం సముద్రం మీదికి నెట్టాను.

నాలుగో గురువారం కుర్చీ ఖాళీ.
తొనలు ఎండి అక్కడే ఉన్నాయి.
అయిదోసారికి రెండుకీ మూడుకీ మధ్య
నా చేత్తో ఒక గడి గీసి ఉంచాను.
వచ్చాడు. నిలబడే చూశాడు.
"వంకరగా ఉంది."
"అవును."
కూర్చున్నాడు. గడిలో రాశాడు: రెండుముప్పావు.

అప్పుడు చెప్పాడు.
వాడి ఆరో ఏట తాత ఇల్లు తరలించారట.
మా దీవుల్లో ఇల్లు మారడమంటే సామాను మారడం కాదు,
ఇల్లే కదులుతుంది,
దుంగల మీదికెక్కించి, ఎడ్లు కట్టి,
ఊరంతా తాడు పట్టి లాగితే.
వాడు మంచం కింద ఉండిపోయాడట.
బయట కేకలు, నవ్వులు.
లోపల గోడలు మూలుగుతున్నాయి,
కిటికీలోంచి చెట్లు నడిచిపోతున్నాయి.
"ఇప్పుడూ అంతే. అందరూ లాగుతూనే ఉన్నారు.
నేను లోపలున్నానని తెలీదు."

నోటిదాకా ఒక మాట వచ్చింది,
మంచి మాటే, మింగేశాను.
పొయ్యిలో కట్టె ఒరిగింది.
తర్వాత రేవు గురించి అడిగాను, డొంకతిరుగుడు లేకుండా,
చావాలనిపించిందా అని, ఆ మాటతోనే.
తల ఊపాడు.

అమ్మకి ఇద్దరం కలిసి చెప్పాం.
చేప వాసన వదలని ఆ చేతులు
ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ వంగి
వాడి బూట్ల లేసులు విప్పి, మళ్లీ కట్టింది.
పదహారేళ్ల వాడికి.

ఇల్లు అలకగానే పండగ కాదు.
జులైలో రెండు వారాలు ముద్ద సరిగా ముట్టలేదు.
కాస్త్రో ఆసుపత్రిలో రాసిన మొదటి మాత్రలు పడలేదు,
రెండోవి పడ్డాయో లేదో ఇంకా చెప్పలేం.

నిన్న గాలి. రేవు మూసేశారు.
మూడింటికి ఫోను చేశాను.
గరగరమంటున్న వాన
వాడి వైపుదో నా వైపుదో తెలియలేదు.
"ఈ వారం ఎంత?"
"రెండుంబావు."
"ఎక్కడున్నావు?"
"మీ గది ముందు. తాళం వేసుంది."
పడవ లేదని తెలిసీ వచ్చాడు.
కాసేపాగి,
"తలుపు మీద మీ పేరు కింద రాసింది నేనే" అన్నాడు.
"చెరిపెయ్యనా?"

ఉండనీ, అన్నాను.
స్పెల్లింగు మాత్రం దిద్దు.